వంటిల్లు సర్దే మనిషి

మిర్యాలగూడకు మళ్లీ బదిలీ అయిందని తెలిసిన మరునాడే సామాన్ల లారీ ఆయనకు ఫోన్ చేశాను. ఎనిమిదేళ్లుగా మేము ఏ ఇల్లు మారినా ఆయన మనుషులే వచ్చి సర్దుతారు, ఆయన లారీలోనే సామాను కదులుతుంది. తేదీ చెప్పాను. ఎన్ని గదులో, ఎన్నో అంతస్తో చెప్పాను. చివర్లో ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను.

"వంటింటికి మాత్రం ఆమెనే పంపండి."



"ఏ ఆమె మేడం?"

"అదే, మా వంటిల్లు ఎప్పుడూ సర్దే ఆమె. ఇప్పటికి కాలు నయమై ఉంటది గదా."

"ఆమె లేదు మేడం. పోయిన ఎండకాలంల చనిపోయింది. మీకెవరు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఆయన ఇంకేదో చెబుతున్నాడు. ఇప్పుడు వంటింటికి కూడా మగవాళ్లే వస్తున్నారట, బుడగల కవరు చుట్టి గంటన్నరలో ఖతం చేస్తారట, పరేషాన్ కావద్దట. సరే సరే అని ఫోన్ పెట్టేశాను. తర్వాత ఆమె నంబరు వెతికి చూసుకున్నాను. 'కిచెన్ ప్యాకింగ్' అని ఉంది. ఆమె పేరు నాకు తెలియక కాదు. ఆ నంబరు పక్కన పేరు రాసుకోవాలని ఇన్నేళ్లలో ఎప్పుడూ తోచలేదు, అంతే. ఇప్పుడు ఇక్కడ రాసి ఏదో గౌరవం చేసినట్టు అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే రాయడం లేదు.

ఆమెను మొదట చూసింది మిర్యాలగూడలోనే. నేను అక్కడి జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. కోదాడకు బదిలీ అయింది. అంతకుముందు ఇల్లు మారడమంటే చుట్టాలు నలుగురు వచ్చి గోనెసంచుల్లో కుక్కి, తాళ్లతో బిగించి, ట్రాక్టరెక్కించడమే. మనుషుల్ని పెట్టి సర్దించుకోవడం మాకదే మొదలు. మావారు మందుల కంపెనీలో పనిచేస్తారు. నెలకు ఇరవై రోజులు ఊళ్ల మీదే ఉంటారు. ఆ రోజు ఇంట్లో ఉన్నది నేనూ, మా అత్తమ్మా. పొద్దున ఏడింటికే నలుగురు మగవాళ్లు వచ్చి మంచాలు విప్పడం మొదలుపెట్టారు. వాళ్ల వెనక ఆమె వచ్చింది.

యాభై దాటి ఉంటాయి. పొడగరి. చీర మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంది. చొక్కా జేబులో కత్తెర, సుతిలి తాడు ఉండ, ఒక బొగ్గు ముక్క. బయట కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చి, వంటింటి గడప దగ్గర ఆగిపోయింది.

"లోపలికి రా అమ్మా," అన్నాను.

"ఉండు మేడం. జర సూడనియ్యి."

అట్లా నిలబడి చూస్తూనే ఉంది. పొయ్యి వైపు, అలమర వైపు, గోడకు కొట్టిన మేకుల వైపు. నాకు సిగ్గేసింది. ఆ ఊళ్లో మిల్లుల నుంచి వచ్చే ఊక నలుసులు కిటికీ జాలీలో ఎప్పుడూ పేరుకుని ఉంటాయి. సిలిండరు వెనక జిడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను గబగబా బట్ట తీసుకుని తుడవబోయాను.

"ఇడిసిపెట్టు మేడం. అందరిండ్లల్ల ఉండేదే. నా ఇంట్ల లేదా?" అని, కంచాల స్టాండు దగ్గరికి వచ్చి ఒక్కొక్కటీ తిప్పి చూసి, "మీ సారు ఇంట్ల ఎక్కువ ఉండడు గదా?" అన్నది.

"నీకెట్ల తెలుసు?"

"మూడు కంచాలు. రెండిటికి గీతలు వడ్డయ్. ఇది కొత్తదాని లెక్కనే ఉన్నది."

మా కాపురంలో సంగతి ఒక పరాయి మనిషి కంచం చూసి చెప్పడం నాకు ఆ క్షణంలో నచ్చలేదు. కానీ అత్తమ్మ పక్కన కూర్చుని పకపకా నవ్వింది. అప్పటికి అత్తమ్మకు మతి బాగానే ఉండేది.

ఆమె పని చాలా నెమ్మది. మగవాళ్లు రెండు గదులు ఖాళీ చేసేసరికి ఆమె ఒక అర సర్దేది. గాజు వస్తువులకు ముందు పాత నూలు చీర ముక్క చుట్టేది, దాని మీద కాగితం. చుట్టాక చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపి వినేది. చప్పుడొస్తే విప్పి మళ్లీ చుట్టేది. కాగితాల్లో శ్రద్ధాంజలి ఫొటోలు ఉన్న పేజీలు వస్తే తీసి పక్కన పెట్టేది. ఆ మొహాల మీద గిన్నె పెట్టి నలపడం ఆమెకు ఇష్టం లేదు. సాయంత్రానికి అట్లాంటి పేజీలు ఒక దొంతర అయ్యేవి. వాటిని మడిచి అటక మీద పెట్టి వచ్చేది.

చదువు రాదు. మగవాళ్లు తమ డబ్బాల మీద ఇంగ్లీషులో ఏదో రాసేవాళ్లు. ఆమె బొగ్గుతో బొమ్మ గీసేది. గరిట, గ్లాసు, పోపుల డబ్బాకు ఏడు చుక్కలు, పొయ్యికి మూడు మంటలు. గిన్నెలు తన భాషలో లెక్కపెట్టుకునేది. ఆమెది పెన్‌పహాడ్ దాటాక వచ్చే ఒక తండా. మాతో మా తెలుగు మాట్లాడేది, ఫోన్‌లో కూతురితో లంబాడీ మాట్లాడేది. గిన్నెలతో కూడా లంబాడీలోనే.

మూతల విషయంలో మాత్రం ఆమెతో వేగడం కష్టం. మూత లేని గిన్నెను కట్టేది కాదు.

"దీని మూత యాడ?"

"ఎప్పుడో పోయింది. అట్లనే కట్టెయ్యి."

"మూత యాడికి వోతది మేడం? ఇంట్లనే ఉంటది."

లారీ వాళ్లు కింద హారన్ కొడుతున్నా ఆమె ఇల్లంతా వెతుకుతూనే ఉండేది. ఆ రోజు ఆ మూత బాల్కనీలో తులసి కుండీ కింద దొరికింది. నీళ్లు కారకుండా నేనే పెట్టి మరిచిపోయాను. దాన్ని తోమి, తుడిచి, గిన్నె మీద పెట్టి చూసుకుని, "సూసినవా?" అన్నది నా వైపు తిరిగి. ఆ ముఖంలో వెలుగు చూస్తే ఆ మూత నాదో ఆమెదో అర్థం కాలేదు.

కోదాడ కొత్త ఇంట్లో దిగాక ఆమె అన్నిటికన్నా ముందు మూడు మంటల డబ్బా విప్పి పొయ్యి పెట్టింది. పాలు తెప్పించి టీ కాచింది. నేను పనివాళ్లకని కాగితపు కప్పులు కొని తెచ్చాను. ఆమె వాటిని చూసి, "గివెందుకు మేడం? గ్లాసులున్నయి గదా," అని మా స్టీలు గ్లాసులు ఎనిమిది తీసి వరసగా పెట్టింది. డ్రైవరుకు మొదటి గ్లాసు, మగవాళ్లకు, అత్తమ్మకు, నాకు, చివరిది తనకు. అందరం హాల్లో డబ్బాల మధ్య కింద కూర్చుని తాగాం. తర్వాత ఆ గ్లాసులన్నీ ఆమే కడిగి బోర్లించింది. కాగితపు కప్పుల కట్ట అట్లాగే ఉండిపోయింది. నేను ఎందుకు తెచ్చానో ఆమెకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు.

నాలుగేళ్లకు కోదాడ నుంచి సూర్యాపేటకు మారాం. ఆ లోపు అత్తమ్మ మారిపోయింది. మొదట పేర్లు మరిచిపోయేది, తర్వాత మనుషుల్ని, తర్వాత పొద్దునో మాపో కూడా. ఇల్లు మారుతున్నామని చెబితే తల ఊపేది. పది నిమిషాలకు, "ఎక్కడికే అమ్మాయ్ ఇవన్నీ సర్దుతున్నావ్?" అని అడిగేది. అత్తమ్మ పుట్టి పెరిగింది కోదాడ పక్కనే, అనంతగిరిలో. ఆ ఇల్లు వదలడం ఆమెకు ఏ మూలో తెలుస్తున్నట్టే ఉండేది.

సర్దే రోజు వచ్చింది. సర్దడానికి వచ్చిన ఆమె ఒక గిన్నె చుట్టి డబ్బాలో పెడితే, అత్తమ్మ వెనకనుంచి వచ్చి దాన్ని తీసి మళ్లీ అలమరలో పెట్టేది. ఒకటి కాదు, రెండు కాదు. మధ్యాహ్నానికి కూడా వంటిల్లు ఎట్లున్నది అట్లనే ఉంది. కాగితాలు మాత్రం మోకాళ్ల దాకా.

"మా సామాను ఎవడికి ఎత్తిస్తున్నారే? అబ్బాయొచ్చాక చెప్తా మీ సంగతి," అని అత్తమ్మ కేకలు. నాకు రాత్రంతా నిద్ర లేదు, కింద లారీ ఆగి ఉంది, మావారు ఫోన్ ఎత్తడం లేదు. నేను అత్తమ్మ చేతిలో గిన్నె లాక్కున్నాను. గట్టిగా అరిచాను. ఏమరిచానో రాయలేను. అత్తమ్మ చిన్నపిల్లలా గోడకు అతుక్కుపోయి నిలబడింది.

ఆమె లేచి నా చేతిలో గిన్నె తీసుకుంది.

"మేడం, నువ్వు జర బయటికి పో."

"అది కాదమ్మా..."

"పో. నేను సూస్కుంట."

నేను హాల్లోకి వచ్చి కట్టిన పరుపు మీద కూర్చున్నాను. లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"అవ్వా, గీ చెంబు ఎవలిది?"

"మా అమ్మది. అనంతగిరి నుంచి తెచ్చుకున్నా."

"గీ జల్లెడ?"

"అది మా ఆయన కొన్నాడు. జాతరలో. వద్దంటే విన్నాడా?"

అట్లా ఒక్కొక్కటీ అడిగింది. అత్తమ్మ ఒక్కొక్కటికీ జవాబు చెప్పింది. పొద్దున తిన్నది గుర్తులేని మనిషి, నలభై ఏళ్ల కిందటి జల్లెడకు బేరమాడిన సంగతి చెప్పింది. చివరికి ఆమె ఒక ఖాళీ డబ్బా తెచ్చి అత్తమ్మ ముందు పెట్టినట్టుంది.

"అవ్వా, ఇది నీ డబ్బ. నీ సామాను నువ్వే కట్టాలె. నాకు చాతగాదు."

సాయంత్రం దాకా అత్తమ్మ ఆ డబ్బా కడుతూనే ఉంది. చెంబు, జల్లెడ, రెండు గరిటలు, కళ్లజోడు పెట్టె. పెట్టడం, తీయడం, మళ్లీ చుట్టడం. ఆమె తన పని తాను చేసుకుంటూ మధ్యమధ్యలో తల తిప్పి, "అట్ల కాదవ్వా, జర గట్టిగ సుట్టు," అనేది. నాలుగింటికల్లా వంటిల్లు ఖాళీ అయింది.

సూర్యాపేట ఇంట్లో దిగాక నేను అటూ ఇటూ పరుగులు పెడుతుంటే, వంటింట్లో ఆమె ఒక్కతే సర్దుకుంది. పిలిచి చూపించింది. చూడగానే నాకేమీ తట్టలేదు. అత్తమ్మ దాహమని లోపలికి వచ్చింది. కొత్త ఇల్లు, కొత్త గోడలు. నేరుగా వెళ్లి కుడి చెయ్యి చాచింది. చెయ్యి పోయిన చోట చెంబు ఉంది. తీసుకుని నీళ్లు ముంచుకుని తాగింది, కోదాడ ఇంట్లో రోజూ తాగినట్టే. అప్పుడు చూశాను. పప్పుల డబ్బాలు ఎడమ వైపు, చింతపండు పైన, గరిటలు పొయ్యి పక్క మేకుకు. కోదాడ వంటిల్లు ఎట్లా ఉండేదో అట్లానే పెట్టింది. మొదట గడపలో నిలబడి ఆమె చూసేది అదేనని నాకు అప్పుడు తెలిసింది.

"ముసల్దానికి చెయ్యి వోయే కాడనే పెట్టిన మేడం. నువ్వు మార్చకు," అన్నది.

మార్చలేదు. అత్తమ్మ బతికినన్నాళ్లూ ఆ వంటింట్లో ఏదీ చోటు మారలేదు. మిగతా ఇల్లంతా అత్తమ్మకు పరాయిదే. వంటింట్లోకి వస్తే మాత్రం మనిషి కుదుటపడేది.

ఆ తర్వాత పేటలో ఎక్కడ పనికి వచ్చినా ఆమె మా ఇంటికి ఒకసారి వచ్చిపోయేది. నాలుగైదు సార్లు వచ్చింది. రేగుపళ్లో, సీతాఫలాలో చొక్కా జేబులోనో కొంగులోనో తెచ్చేది. నాతో రెండు మాటలు, అత్తమ్మతో గంట. అత్తమ్మ ఆమెను ఎవరనుకునేదో తెలియదు. "చిన్నమ్మాయి వచ్చింది," అనేది. ఆమె రాని నెలల్లో, "చిన్నమ్మాయి రాలేదేం?" అని అడిగేది. మాకు చిన్నమ్మాయి ఎవరూ లేరు.

అత్తమ్మ పోయినప్పుడు నేను అందరికీ ఫోన్లు చేశాను. కాలేజీ వాళ్లకు, మావారి కంపెనీ వాళ్లకు, ఎప్పుడో చూసిన దూరపు చుట్టాలకు. ఆమెకు చేయలేదు. కావాలని కాదు. గుర్తు రాలేదు.

ఐదు నెలల తర్వాత మేము పేటలోనే కొన్న సొంత ఫ్లాట్‌కు మారాం. నాలుగో అంతస్తు. సర్దడానికి ఆమె వచ్చింది. కాళ్లు కడుక్కుని, గడప దాకా వచ్చి, అక్కడినుంచి గోడ మీద దండ వేసిన ఫొటో చూసింది.

"అవ్వ...?"

"ఐదు నెలలైందమ్మా."

"నాకెవరు చెప్పలే మేడం."

అని గడపలోనే కూలబడింది. చొక్కా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చప్పుడు రాకుండా, చాలాసేపు. నేను పక్కన నిలబడ్డాను. నిలబడి ఏమనుకున్నానో నిజం చెప్పాలి. ఆలస్యమవుతోందే అనుకున్నాను. కొత్త ఇంటికి పదకొండు లోపల చేరాలని మావారు చెప్పి వెళ్లారు. ఆమె లేచి, ముఖం కడుక్కుని, పనిలో పడింది. ఆ రోజు ఏ మూత కోసమూ వెతకలేదు. ఉన్నవి ఉన్నట్టు కట్టేసింది.

కొత్త అపార్ట్‌మెంట్ దగ్గర మేము దిగేసరికి సొసైటీ సెక్రటరీ కిందనే ఉన్నాడు. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మర్యాదగా మాట్లాడాడు. ఎదురింటి ఇద్దరు ఆడవాళ్లు కూడా పలకరించడానికి వచ్చారు.

"రండి మేడం, రండి. ఒక్క చిన్న విషయం. సామాన్లకు లిఫ్ట్ వాడనియ్యం. కమిటీ రూల్. లోపల అద్దానికి గీతలు వడుతున్నయి."

"సరే సార్," అన్నాను వెంటనే.

మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, బీరువాకు తాడు కట్టుకున్నారు. ఆమె నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, మావోళ్లకు మోసుడు అలవాటే. నాయి గాజు సామాను నాలుగే డబ్బలు. జర సారుకు ఒక్క మాట చెప్పరాదు?"

సెక్రటరీ పక్కనే ఉన్నాడు, విన్నాడు కూడా. ఎదురింటి వాళ్లు నవ్వుముఖంతో నన్నే చూస్తున్నారు. మొదటి రోజే ఈమె రూల్ కాదంటోంది అనుకుంటారని నాకు భయం. చేతిలో ఫోన్ ఉంది. ఎవరి నుంచీ ఏమీ రాలేదు. అయినా దాన్ని తెరిచి చూస్తూ నిలబడ్డాను. ఆమె కొంచెంసేపు ఎదురుచూసింది. తర్వాత తువ్వాలు చుట్ట చుట్టుకుని నెత్తి మీద పెట్టుకుంది.

"సరే తియ్యి," అన్నది, ఎవరితో అన్నదో.

మొదటి డబ్బా పైకి చేర్చింది. రెండో డబ్బాతో రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మెట్ల మీద పడింది. నేను పై నుంచి దిగి వచ్చేసరికి పక్కకు ఒరిగి ఉంది. డబ్బా ఆమె చంకలో నలిగి ఉంది. ఒక కాలు ఉండాల్సినట్టు లేదు. ఏడవడం లేదు. ముఖం మాత్రం బూడిద రంగుకు తిరిగింది.

"మేడం, కప్పులు పలిగినట్టున్నయ్. జర సూడు," అన్నది.

నాలుగు కప్పులు పగిలాయి. మూడు ఇళ్లు మారినా ఆమె చేతిలో పగిలినవి అవే.

సెక్రటరీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మంచివాడే. తనే లిఫ్ట్ బటన్ నొక్కాడు. తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి నిలబడి, "మెల్లగ, మెల్లగ, నడుము పట్టుకోండి," అన్నాడు. నలుగురూ కలిసి ఆమెను లిఫ్ట్‌లోకి ఎత్తారు. అందులో నాకు చోటు లేకపోయింది. నేను మెట్ల మీదుగా దిగాను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. మావారు దవాఖానకు వెళ్లి కొంత ఇచ్చి వచ్చారు. మా వంతు అయిపోయిందనుకున్నాం. ఆపరేషన్ అయిన నాలుగో రోజు నేను వెళ్లాను. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆ చొక్కా లేకుండా ఆమెను చూడడం అదే మొదటిసారి. చాలా సన్నటి మనిషి. చేతుల మీద మోచేయి దాకా పచ్చబొట్లు ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది. నన్ను చూడగానే, "పొయ్యి యాడ వెట్టినవ్ మేడం? కిటికి ఏ దిక్కున్నది?" అని అడిగింది. నేను చేత్తో గాలిలో గీసి చూపించాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"పొయ్యి మీద గాలి కొడతది గట్లయితే. జర ఇటు జరుపాలె."

"నువ్వు లేచి తిరుగుతుంటే వచ్చి నువ్వే సర్దుదువు గానీ. నేను మళ్లీ వస్త."

మళ్లీ వెళ్లలేదు. పరీక్షలు వచ్చాయి, పేపర్లు దిద్దడం వచ్చింది, కొత్త ఇంటి పనులు వచ్చాయి. రెండేళ్లు గడిచాయి. నిజానికి అవేవీ అడ్డం కాదు. ఆ రోజు లిఫ్ట్ మాట అడిగి ఆమె నా వైపు చూసిన చూపు మళ్లీ చూడాలంటే నాకు భయమేసింది.

పోయిన ఆదివారం స్కూటీ వేసుకుని ఆ తండాకు వెళ్లాను. పెన్‌పహాడ్ దాటాక రెండు చోట్ల అడిగితే దారి చెప్పారు. ముందు రేకుల పందిరి, వెనక రెండు గదుల ఇల్లు. పందిరి కింద ఒక అమ్మాయి చాటలో పెసలు చెరుగుతోంది. ముప్పై ఏళ్లుంటాయి. ఆ పొడవూ, ఆ దవడ ఎముకలూ చూడగానే కూతురని తెలిసిపోయింది. నేను ఎవరో చెప్పబోయాను.

"పేటల, లిఫ్ట్ ఉన్న ఇంటి మేడమా?" అన్నది.

అవునన్నాను. మంచం వాల్చింది. కూర్చున్నాను. తల్లి ఎట్లా పోయిందో అడిగితే చెప్పింది. కొన్నాళ్లు కర్ర పట్టుకుని పందిరి దాకా నడిచిందట. తర్వాత అదీ పోయింది. మంచంలోనే ఏడాది. చివర్లో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది.

"మంచంల పండుకోని గూడ యాడి అందరిండ్లు చెప్పేది మేడం. ఎవలింట్ల ఏ డబ్బ ఏ దిక్కుంటదో. మీ కొత్త ఇల్లు ఒక్కటే తెల్వదనేది. సర్దనే లేదు గదా."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ అమ్మాయి చెబుతూనే పెసలు చెరుగుతోంది. నేను దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ రోజు నేను సారుకు చెప్పాల్సింది," అన్నాను. "లిఫ్ట్‌ల పెట్టనియ్యమని మీ అమ్మ అడిగింది. నేను మాట్లాడలేదు."

చాట ఆగింది.

"యాడి చెప్పింది. మీ దిక్కు సూసిందంట. మీరు ఫోన్ల సూస్కుంట నిలవడ్డరంట."

"అవును."

"నేను మిమ్ముల మస్తు తిట్టిన మేడం. అబద్ధమెందుకు చెప్పాలె. యాడే ఊకోమన్నది. 'వాళ్లత్త పోయింది బిడ్డా, ఆమెకు మనసుల మనసు లేదు, లేకుంటె మాట్లాడుతుండె,' అన్నది. నేను ఎప్పుడు తిట్టినా గదే మాట. పోయేదాక గదే."

నేను తల దించుకున్నాను. ఆ పొద్దున అత్తమ్మ కోసం ఏడ్చింది ఆమె. నాకు అత్తమ్మ గుర్తు కూడా లేదు. కొత్త తాళంచెవులు చేతిలో పట్టుకుని, కర్టెన్లు ఏ రంగువి కొనాలా అని ఆలోచిస్తూ కారు దిగాను. తన దుఃఖాన్నే నాదనుకుని, మంచంలో పడుకుని కూడా, పోయేదాకా నన్ను కాపాడుతూ వచ్చింది. ఆ అమ్మాయి ఆ మాట నమ్మి ఉంటే అట్లాగే ఊరుకుని రావచ్చు. ఊరుకోవడం నాకు కొత్త కాదు.

"లేదమ్మా," అన్నాను. "ఆ రోజు నేను సంతోషంగనే ఉన్న. అత్తమ్మ గుర్తుకే రాలేదు. కొత్తవాళ్ల ముందట చెడ్డ అవుతనని మాట్లాడలేదు. అంతే."

ఆ అమ్మాయి నన్ను చాలాసేపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఏడుస్తుందనుకున్నాను, అదీ లేదు. చాటలో పెసలు మునివేళ్లతో ఒకవైపుకు జరిపింది.

"మా యాడికైతే తెల్వదు గద," అన్నది చివరికి. "తెల్వకుంటనే పోయింది. మంచిగనే అయింది."

చాట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్లింది. నీళ్ల చెంబు తెచ్చి నా చేతికిచ్చింది.

"ఎండున్నది. తాగి పోండ్రి."

నేను తాగుతున్నంతసేపూ ఆమె పందిరి గుంజ పట్టుకుని, పొలాల దిక్కు చూస్తూ నిలబడింది.